నాన్నకి కొన్న పాటల పెట్టె: ఆరు నెలలు వాడాక

సంక్రాంతికి తెనాలి వెళ్తూ నాన్న కోసం ఒక పాటల పెట్టె కొన్నాను. అదే, చూడ్డానికి పాతకాలం ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది, లోపల కొన్ని వేల పాత పాటలు ముందే ఎక్కించి అమ్ముతున్నారు కదా, అది. 5,800 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివి నాలుగైదు చూశాను, రంగూ రేటూ తేడా తప్ప పనిచేసే పద్ధతి అన్నిటిదీ ఒకటే. ఆరు నెలలయింది. నాన్న రోజూ వాడుతున్నాడు, నేను నెలకోసారి వెళ్లినప్పుడు వింటున్నాను. ఈలోపు దీని మీద నా అభిప్రాయం రెండు మూడుసార్లు మారింది, అందుకే ఇంత ఆలస్యంగా, ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నిజానికి కొనడం నాకు ఇష్టం లేదు. అట్టపెట్టె మీదే రాసి ఉంది, అన్నీ సూపర్ హిట్లే అని. ఆ మాట చూస్తేనే నాకు సగం ఉత్సాహం పోతుంది. ఇంటర్ నుంచీ అంతే, అందరూ పాడే పాటంటే నాకు పడదు. క్యాసెట్ కొంటే మొదటి వైపు మొదటి పాట హిట్టు కాబట్టి దాన్ని ముందుకి తిప్పేసి, రెండో వైపు చివర్లో, టేపు అయిపోయే ముందు వచ్చే పాట కోసం చూసేదాన్ని. సినిమాలో సగం కోసేసిన పాటలు, అసలు సినిమాలోనే లేని పాటలు, అవే నాకు కావాల్సినవి. సంగీత దర్శకుడు రమేష్ నాయుడు గారి పాటలు, రేడియోలో వచ్చే లలిత గీతాలు, ఈ మాసపు పాట వస్తుంటే పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకోవడం, ఇదీ నా లోకం. పెళ్లి ఊరేగింపులో వాయించే పాటలొస్తే లోపల గదిలోకి వెళ్లిపోయేదాన్ని. నా టేస్టు మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైన ఉందని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను.

దానికి తోడు కాలేజీ బస్సు. తెనాలి నుంచి గుంటూరుకి పోను గంట, రాను గంట, డిగ్రీ మూడేళ్లూ. డ్రైవర్ దగ్గర మూడే క్యాసెట్లు, వాటిలో ఒకటే అతనికి ఇష్టం, దాంట్లో కూడా మొదటి పాట. వెనక సీట్ల వాళ్లు ఈలలు, ఇంజిన్ మోత, అరిగిపోయిన స్పీకరు. ఆ పాట ఎన్ని వందలసార్లు నా చెవిలో పడిందో లెక్క లేదు. బాలు గారు పాడిందే, కానీ తర్వాత ముప్పై ఏళ్లూ ఎక్కడ వినపడినా ఛానెల్ మార్చేసేదాన్ని. ఈ పాట సంగతి మళ్లీ వస్తుంది.

ముందు పెట్టె గురించి. చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉంది, నాసిరకం ప్లాస్టిక్‌లా అనిపించలేదు. ముందు వైపు పెద్ద స్పీకరు జాలీ, కుడి పక్కన రెండు గుండ్రటి నాబ్‌లు. పైది తిప్పుతుంటే పక్కనున్న పట్టీ మీద చిన్న లైటు ఒక పేరు నుంచి ఇంకో పేరుకి కదుల్తుంది: ఘంటసాల, సుశీల, బాలు, జానకి, తర్వాత భక్తి, విషాదం, ప్రేమ, ఇలాగ. తిప్పినప్పుడల్లా టిక్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాన్నకి చాలా నచ్చింది, పాత మర్ఫీ రేడియో గుర్తొస్తుందట. ఫోనులో యాప్ పెట్టిస్తే మూడు రోజుల్లో వదిలేసిన మనిషి దీన్ని మొదటి రోజే నేర్చేసుకున్నాడు. 74 ఏళ్ల మనిషికి వేలితో తోసే అద్దం కంటే పట్టుకుని తిప్పే నాబ్ ఎంత సుఖమో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది.

కానీ ఆ పట్టీ మీద అక్షరాలు మరీ చిన్నవి. ముసలివాళ్లు వాడతారని తెలిసి చేసిన వస్తువు మీద అంత సన్నటి అక్షరాలు, అవీ ఇంగ్లీషులో, ఎందుకు వేశారో నాకు అర్థం కాలేదు. నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, అయినా కనపడవు. చివరికి నేనే ఘంటసాల దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క, సుశీల దగ్గర గులాబీ చుక్క పెట్టాను. ఇప్పుడు మా ఇంట్లో ఘంటసాల, సుశీల గార్ల పేర్లు ఎర్రచుక్క, గులాబీచుక్క అయిపోయాయి.

సౌండు విషయానికొస్తే, పాత పాటలకి బాగుంది, కొత్త పాటలకి చాలదు. అప్పటి రికార్డింగులో గొంతే ప్రధానం, వెనక నాలుగు వయొలిన్లు, వేణువు, తబలా. చిన్న స్పీకరు కూడా వాటిని చక్కగా మోస్తుంది, ముఖ్యంగా ఘంటసాల గారి గొంతు ఆ చెక్క రంగు డబ్బాలోంచి వస్తుంటే గదిలో మనిషి ఉన్నట్టుంటుంది. బ్లూటూత్ కలిపి ఈ మధ్య పాటలు పెట్టి చూశాను, ఆ పాటలు నిలబడేదే బేస్ మీద కాబట్టి దీంట్లో డ్రమ్ము రేకు డబ్బా కొట్టినట్టు వినిపించింది. బ్యాటరీ సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆగుతుంది, వాల్యూం సగం పెడితే. ఎఫ్‌ఎం పర్వాలేదు, ఏరియల్ కిటికీ వైపు తిప్పితే విజయవాడ స్టేషన్ బాగానే పలుకుతుంది.

ఇక పాటలు. పెట్టె తెచ్చిన రెండో రోజు, నేను వంటింట్లో ఉన్నాను, హాల్లో ఘంటసాల గారి పాట ఒకటి అయిపోయి తర్వాతది మొదలైంది. మొదలయ్యాక కూడా నాన్న గొంతు పాత పాటలోనే ఉంది. పెట్టె ఒక పాట పాడుతోంది, నాన్న ఇంకో పాట పాడుతున్నాడు. బయటికొచ్చి చూస్తే కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద తాళం వేస్తూ, మెల్లగా, ఒక్క అక్షరం తడబడకుండా మూడో చరణం పాడుతున్నాడు. పూర్తయ్యాక కళ్లు తెరిచి, "ఏంటమ్మా, వీళ్లు పాట మధ్యలో కోసేశారు?" అన్నాడు.

నేను కంపెనీవాళ్లనే తప్పు పట్టాను. తర్వాత తెలిసింది, వాళ్లు కోయలేదు, పాట అంతే ఉంది. పాత 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపుకి మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలే పట్టేది. అందుకని సినిమాలో మూడు చరణాలున్న పాటని కొన్నిసార్లు రికార్డు కోసం రెండు చరణాలకి కుదించేవాళ్లు. ఈ పెట్టెల్లోకి, యాప్‌ల్లోకి వచ్చేవి ఎక్కువగా ఆ రికార్డు పాటలే. మా నాన్న మాత్రం ఆ పాటని సినిమా హాల్లో నేర్చుకున్నాడు, నేల టిక్కెట్టులో ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలియదు. ఆయన పాటకి మూడు చరణాలు. అరవై ఏళ్ల తర్వాత కూడా అంతే. సూపర్ హిట్ అని రాసి అమ్మే పాటలో కూడా మనకి చేరని ముక్క ఉంటుందని నాకు అప్పుడే తట్టింది. అప్పటిదాకా మరుగున పడిపోవడమన్నది నాకిష్టమైన పాటలకే జరుగుతుందని అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం నాన్న తాతయ్య సంగతి చెప్పాడు. తాతయ్య పద్య నాటకాల మనిషి, ఈలపాట రఘురామయ్య గారి పద్యమంటే ప్రాణం. సినిమా పాట ఇంట్లో వినపడితే రేడియో కట్టేసేవాడట. రేడియోకే ఆ పట్టింపు ఉండేదిలెండి ఆ రోజుల్లో. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాయమైపోతే, జనం రేడియో సిలోన్ పట్టుకున్నారు, ఆ తర్వాత 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యాకే సినిమా పాట మళ్లీ మన రేడియోలో స్థిరపడింది. మంత్రి మనసు మారినా తాతయ్య మనసు మారలేదు. ఘంటసాల పాట కూడా ఆయనకి చిల్లర పాటే. నాన్న మాత్రం ఊరుకునేవాడు కాదట, ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పద్ధతిగా నేర్చుకున్న మనిషి నాన్నా అని వాదించేవాడట. ఎవరి దగ్గర నేర్చుకుంటే ఏం, పాడేది సినిమాలోనే కదరా అనేవాడట తాతయ్య. అదే నాన్న, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నా టేప్ రికార్డర్ దగ్గరికొచ్చి "ఏంటమ్మా ఈ గోల" అన్నాడు. ఈ మూడు తరాల సంగతి వినేసరికి నాకు బస్సు డ్రైవర్ గుర్తొచ్చాడు.

ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు ఒక రాత్రి కరెంటు పోయింది. నేనూ నాన్నా వరండాలో కూర్చున్నాం, పెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది, నాబ్ బాలు గారి దగ్గరుంది. ఆ పాట వచ్చింది. బస్సు పాట. నేను మార్చడానికి లేచాను. "ఉండనీవమ్మా, పాట సగంలో ఆపకూడదు" అన్నాడు నాన్న. ఆయన ముందు నుంచీ అంతే, నచ్చని పాటైనా మొదలైతే అయ్యేదాకా ఆగుతాడు. కూర్చున్నాను.

వీధంతా చీకటి, ఫ్యాను చప్పుడు కూడా లేదు. పల్లవి వందలసార్లు విన్నదే. పల్లవి అయ్యాక వచ్చే మ్యూజిక్‌లో కింద ఎక్కడో వేణువు ఉంది, కోరస్ వాళ్లు ఒక మాట అంటే అది వెనకాలే చిన్నగా బదులు చెప్తోంది. బస్సులో అది ఇంజిన్ మోతలో కలిసిపోయి ఉంటుంది, నేనెప్పుడూ వినలేదు. రెండో చరణంలో ఒకే పంక్తి రెండుసార్లు వస్తుంది. మొదటిసారి బాలు గారి గొంతులో నవ్వుంది, పెదాల మీద నవ్వు పెట్టుకుని పాడుతున్నట్టు తెలుస్తుంది. రెండోసారి అదే పంక్తి, అవే స్వరాలు, నవ్వు మాత్రం లేదు, చివరి మాట దగ్గర గొంతు కొంచెం తగ్గించి వదిలేశారు. ఆ తేడాతో పాట అర్థమే మారిపోయింది. అల్లరి పాట అనుకున్నది కాస్తా ఎవరినో బతిమాలుతున్నట్టు అయింది. పాట అయిపోయాక నేను లేచి వెనక్కి నొక్కి మళ్లీ పెట్టాను. నాన్న ఏమీ అనలేదు.

నేను ముప్పై ఏళ్లు ద్వేషించింది ఆ పాటని కాదు, దాన్ని వినాల్సి వచ్చిన తీరుని. ఇప్పుడు అది ఇంకా ఎక్కువైంది కదా. కొత్తగా హిట్టయిన పాట ఏదైనా తీసుకోండి, మనకి చేరేది ముప్పై సెకన్ల ముక్కే. రీల్స్‌లో అదే ముక్క, కాలర్ ట్యూన్‌లో అదే, ఫంక్షన్‌లో డీజే కూడా ఆ ముక్క అవ్వగానే ఇంకో పాటలోకి దూకేస్తాడు. నాలుగు రోజుల్లో విసుగొచ్చేస్తుంది, ఈ రోజుల్లో పాటలే బాలేవని తేల్చేస్తాం. అసలు పాట విన్నదెవరు? మా పక్కింటి అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, సాయంత్రాలు నాన్న దగ్గరికొస్తుంది. ఒకరోజు పెట్టెలో తొంభైల నాటి పాటొకటి వస్తుంటే ఆశ్చర్యంగా చూసి, "ఆంటీ, దీనికి రెండో చరణం కూడా ఉందా?" అంది. రీల్స్‌లో పల్లవికి డాన్స్ చేసిన పాట అది, ఆ అమ్మాయి చేతులు కూడా అలవాటుగా ఆ స్టెప్పు మొదలుపెట్టి, చరణం రాగానే ఆగిపోయాయి. నాకు చాలా బాధనిపించింది. ఆ చరణం రాసినాయన పల్లవి కంటే దాని మీదే ఎక్కువ కష్టపడి ఉండొచ్చు.

ఈ పెట్టె గొప్పతనం ఇదే, పాటని మొదటి నుంచి చివరిదాకా పాడుతుంది. స్కిప్ బటన్ ఉంది కానీ అది నాబ్ కింద ఎక్కడో ఉంది, లేచి వెళ్లి నొక్కాలి, రిమోట్ లేదు. మొదట్లో దాన్ని లోపంగా రాసుకున్నాను. ఇప్పుడు అది ఉన్న చోటే ఉండాలంటాను.

అలాగని అన్ని హిట్లూ నాకు నచ్చేశాయని కాదు. ఆడవాళ్ల మీద చేతికొచ్చినట్టు రాసిన పాటలు ఎంత హిట్టయినా, ఎంత బాగా పాడినా, నాకు ఇప్పటికీ అసహ్యమే. రెండో చరణం దాకా విన్నాక కొన్నిటి మీద కోపం ఇంకా పెరిగింది కూడా. ఇంకో సంగతి, 2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చినప్పుడు మా ఆఫీసులో దాన్ని మాస్ పాటని అంతకుముందు చిన్నచూపు చూసినవాళ్లే స్టేటస్‌లు పెట్టుకున్నారు. పాట మారలేదు, బయటివాళ్లు మెచ్చుకున్నారంతే. అలాంటి మెప్పు కోసం ఆగకుండా మన చెవితో మనం వినాలి.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. వేల పాటలని చెప్తారు కానీ లోపల ఉన్నదంతా తెలిసిన పాటలే. నాకు కావాల్సిన రమేష్ నాయుడు గారి పాటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఇంకో సంగీత దర్శకుడు ఎస్. రాజేశ్వరరావు గారివి ఉన్నాయి కానీ సినిమా పాటలే, ఆయన సినిమాలకి బయట ప్రైవేటుగా పాడిన గీతాలు నాకు దొరకలేదు. ఒకే పాట గాయకుడి పేరు కింద ఒకసారి, ప్రేమ కింద ఒకసారి, సంగీత దర్శకుడి కింద ఇంకోసారి వస్తుంది. ఎనభైల చివరి నుంచి తొంభైల దాకా వచ్చిన పెద్ద పెద్ద హిట్లు కూడా కొన్ని లేవు, దానికి కారణం హక్కులు. క్యాసెట్ల రోజుల్లో ఒక్కో సినిమా పాటల్ని ఒక్కో కంపెనీ కొనుక్కుంది. పెట్టె ఎవరిదైతే వాళ్ల దగ్గర హక్కులున్న పాటలే అందులోకి వస్తాయి. కాబట్టి కొనేముందు అట్టపెట్టె మీద పాటల సంఖ్య చూడకండి, పాటల జాబితా చిన్న పుస్తకంగా గానీ వెబ్‌సైట్‌లో గానీ ఇస్తారు, అది తెరిచి మీ ఇంట్లో పెద్దవాళ్లకి ప్రాణమైన పది పాటలు ఉన్నాయో లేదో చూసుకోండి. మా నాన్నకి పదిలో ఏడున్నాయి. మా అత్తగారికైతే పదిలో రెండే, అందుకే ఆవిడకి కొనలేదు.

రిపేరు సంగతి కూడా చెప్పాలి. నాలుగో నెలలో వాల్యూం నాబ్ తిప్పితే గరగరమనడం మొదలైంది. వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే మూడు వారాలు పెట్టుకున్నారు, రెండుసార్లు ఫోన్ చేస్తే పార్ట్ రావాలన్నారు, మూడోసారి నేనే వెళ్లి కూర్చుంటే అరగంటలో చేసిచ్చారు. ఆ మూడు వారాలూ నాన్న సాయంత్రం నాలుగున్నరకి అలవాటుగా కుర్చీ జరుపుకుని కూర్చునేవాడని అమ్మ ఫోన్లో చెప్పింది. పెద్దవాళ్ల కోసం అమ్మే వస్తువుకి సర్వీసు అంత నెమ్మదిగా ఉండకూడదు. తీసుకెళ్లే ముందు బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, మా బిల్లు మీద అచ్చు అప్పటికే సగం వెలిసిపోయింది.

మీరు నాలాగ అరుదైన పాటలు ఏరుకునే మనిషైతే, మీ కోసం మాత్రం ఇది కొనుక్కోకండి, అవి ఇందులో ఉండవు. ఇంట్లో అరవై దాటినవాళ్లుండి, వాళ్లకి ఫోను చిరాకైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉన్న మోడలే తీసుకోండి, రెండు మూడు వందలు ఎక్కువైనా సరే. నేను నాకిష్టమైన పాటలు, లలిత గీతాలు, ఎవరూ వినని రెండో వైపు చివరి పాటలు అన్నీ కలిపి 212 పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. నాన్న ఒకసారి మొత్తం విని, "బాగున్నాయమ్మా" అని, మళ్లీ ఎర్రచుక్క దగ్గరికి తిప్పేశాడు.

పోయిన నెల ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి వేశాను. మూడో చరణమున్న ఆ ఘంటసాల పాట. సినిమా మొత్తం వెతికి, ఆ పాట వచ్చే చోట ఆడియో కోసి ఇచ్చాడు మా అబ్బాయి. మధ్యలో హీరోయిన్ ఒక డైలాగు కూడా చెప్తుంది, అది తీసేయమంటావా అని అడిగితే వద్దన్నాను. పెట్టె దగ్గర కూర్చోబెట్టి వినిపించాను. రెండో చరణం అయ్యాక మూడోది అందుకోవడానికి నాన్న గొంతు సవరించుకున్నాడు, అంతలో ఘంటసాల గారే అందుకున్నారు. నాన్న పాడలేదు, విన్నాడు. డైలాగు దగ్గర మాత్రం ఆవిడతో పాటు పెదాలు కదిపాడు. ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్ పెట్టెకే ఉంటోంది. మొన్న కొత్త పాటలు వేద్దామని తీయబోతే, ఇంకోటి కొనుక్కోమని వంద రూపాయలు చేతిలో పెట్టాడు.